తొమ్మిదికి తాళం వేస్తే ఏడుకు తీసే ఇంట్లో లాబ్రడార్ పిల్ల

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కడప శంకరాపురంలో మొదటి అంతస్తులో అద్దె ఇల్లు. మీరు బ్యాంకులో, మీ ఆవిడ ఆస్పత్రి ల్యాబ్‌లో. పొద్దున తొమ్మిదికి తాళం వేస్తే మళ్లీ సాయంత్రం ఏడుకే. నలభై అయిదు రోజుల లాబ్రడార్ మగపిల్లను తెచ్చుకుని పది రోజులైంది. ఇల్లంతా ఉచ్చ, మీరు పోగానే ఏడుపు, కింది ఇంటి వాళ్ల గొణుగుడు. డాబా మీద రేకుల గదిలో కట్టేస్తే నయమా, కాల్షియం టానిక్ ఎన్ని చెంచాలు పోయాలి, ఇదంతా మా వల్ల కాదని వెనక్కి ఇచ్చేయాలా అని మూడు ప్రశ్నలు.

నేను ఎర్రగుంట్ల వైపు ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు షిఫ్ట్ డ్యూటీ చేసినవాణ్ణి. ఆ డ్యూటీలు చేస్తూనే నాలుగు పెద్ద కుక్కల్ని పెంచాను. మొదటిదాన్ని చేజేతులా పాడు చేశాను, మిగతా మూడూ బాగా బతికాయి. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. రేకుల గది ఆలోచన ఈ రోజే మానేయండి. టానిక్ సీసా మూత బిగించి పక్కన పెట్టండి. వెనక్కి ఇవ్వాలా వద్దా అన్నది ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది: మధ్యాహ్నం మీ ఇంటి తలుపు ఎవరైనా తీయగలరా?

పది గంటలు బయట ఉంటున్నామని మీరు బాధపడుతున్నారు గానీ, ఆ పది గంటల్లో ఎక్కువ భాగం పిల్ల నిద్రపోతూనే ఉంటుంది. ఈ వయసు కుక్కపిల్ల రోజుకు పద్దెనిమిది గంటల దాకా పడుకుంటుంది. చిక్కు నిద్రతో కాదు, ఉచ్చసంచితో. రెండు నెలల పిల్ల మెలకువగా ఉన్నప్పుడు రెండు గంటలు, మహా అయితే మూడు గంటలు ఆపుకోగలదు. నిండిన నెలలకు ఒకటి కలిపితే ఎన్ని గంటలు ఆపుకోగలదో వస్తుందని ఒక మోటు లెక్క ఉంది. మూడు నెలలకు నాలుగు గంటలు, అయిదు నెలలకు ఆరు. ఎంత పెద్ద కుక్కయినా ఎనిమిది గంటలు దాటించకూడదు. అంటే మీ పదిగంటల తాళం పెరిగిన కుక్కకు కూడా ఎక్కువే. పిల్ల మీ హాల్లో ఉచ్చ పోస్తున్నది మొండితనంతో కాదు. వేరే దారి లేక.

ఇక్కడ మనకు కలిసొచ్చేది ఊరు చిన్నది కావడం. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసేవాడు మధ్యాహ్నం ఇంటికి వచ్చి పోవడం కల. మీ బ్యాంకు నుంచి శంకరాపురానికి బండి మీద పది నిమిషాలు. క్యారియర్ మానేసి భోజనానికి ఇంటికి రండి. మీ ఆవిడ ల్యాబ్‌లో షిఫ్టు అరగంట అటూ ఇటూ మార్చుకోగలరేమో అడగండి. తొమ్మిదికి ఇద్దరూ ఒకేసారి కాకుండా ఒకరు ఎనిమిదిన్నరకు, ఒకరు తొమ్మిదిన్నరకు బయల్దేరితేనే పిల్లకు పొద్దున అరగంట మిగులుతుంది. ఒంటి గంటకు మీరు వచ్చి పోయాక మళ్లీ ఏడు దాకా ఆరు గంటలు. ఈ రెండు నెలలు అది కూడా ఎక్కువే. కాబట్టి నాలుగు గంటల ప్రాంతంలో ఇంకో మనిషి కావాలి.

గొణుగుతున్నారన్నారే, ఆ కింది ఇంట్లో పెద్దామె ఎవరైనా ఉంటే మీ సమస్య సగం తీరినట్టే. మా ఇంటి పక్క అవ్వ కూడా మొదట్లో కుక్కంటే మడి, మైల అనేది. నెల తిరిగేసరికి మా రెండో కుక్క ఆమె మాట తప్ప నా మాట వినేది కాదు! మొదట పిల్లను చంకనేసుకుని వాళ్ల ఇంటికి పోండి. "ఏడుపుతో మీకు ఇబ్బంది అవుతోందవ్వా, పదిహేను రోజుల్లో సరి చేస్తాం" అని మీరే ముందు చెప్పండి. ఆ తరవాత సాయం అడగండి. ఆమెకు ఓపిక లేకపోతే వీధిలో డిగ్రీ చదివే పిల్లలుంటారు, నెలకింత అని ఇచ్చి పెట్టుకోండి. ఊరికే చేయించుకోవద్దు. డబ్బు ఇచ్చిన పనినే మనం నిలదీసి అడగగలం. నేను పెట్టుకున్న కుర్రాడు రోజూ వచ్చేవాడు, టీవీ చూసుకుని పోయేవాడు. కుక్క గిన్నెలో నీళ్లు కూడా మార్చలేదని వారం తరవాత తెలిసింది. అప్పటినుంచి గోడమీద క్యాలెండర్‌లో రాయమన్నాను: ఎన్నింటికి బయటికి తీసుకుపోయాడు, ఒంటికి పోయిందా, రెంటికి పోయిందా, ఎంత తిన్నది. రాయాల్సి వచ్చేసరికి పని కూడా జరిగింది. ఇప్పుడైతే చవకలో వైఫై కెమెరాలు వచ్చాయి, మీకు ఆ క్యాలెండర్ గొడవ లేదు.

తలుపు తీసిన మనిషి చేయాల్సిన మొదటి పని ముద్దు చేయడం కాదు. ఎత్తుకుని నేరుగా మీరు నిర్ణయించిన చోటికి తీసుకుపోవాలి. అక్కడ పని అయ్యాక మెచ్చుకోవాలి, తరవాత తిండి, కాసేపు ఆట, పడుకునే ముందు మళ్లీ అదే చోటు. లేవగానే, తినగానే, ఆడగానే అని మూడు వేళలు గుర్తుపెట్టుకుంటే చాలు. తప్పు చోట పోస్తే ముక్కు నేలకు రాయడం, పేపరు చుట్టి కొట్టడం లాంటివి వద్దు. దానికి అర్థమయ్యేది ఒక్కటే, మీ ఎదురుగా ఒంటికి పోతే దెబ్బలు పడతాయని. అప్పటినుంచి సోఫా వెనక దాక్కుని పోస్తుంది.

పిల్లను గొలుసుతో కట్టేయకండి. రోజంతా కట్టుమీద పెరిగిన కుక్క అరుపు ఎక్కువ, కాటు ఎక్కువ అయ్యే ప్రమాదం ఉంది. హాలులో ఒక మూల ఇనుప జాలీతో ఆరడుగులకు నాలుగడుగుల ఆవరణ చేయించండి. వెల్డింగ్ షాపులో చెబితే మడిచేట్టు చేసిస్తారు. అందులో ఒక పక్క పడక, ఇంకో పక్క ఉచ్చకు పాత న్యూస్ పేపర్లు, మధ్యలో తిరగబడని బరువైన నీళ్ల గిన్నె. కుక్క సాధారణంగా పడుకునే చోట పాడు చేయదు, పేపరు వైపే పోతుంది. ఆదివారం ఇంట్లో ఉన్నప్పుడు కూడా అయిదు నిమిషాలు, పావుగంట, అరగంట అని అందులో వదిలి పక్క గదిలోకి పోండి. ఆ ఆవరణ అంటే మీరు మాయమయ్యే చోటు అని దానికి ముద్ర పడకూడదు. పోయేటప్పుడు బుజ్జగింపులు వద్దు. పెరుగన్నంలో ఉడికించిన కోడి మాంసం పీచులు కలిపి, లోపల డొల్లగా ఉండే రబ్బరు బొమ్మలో కూరి రాత్రే ఫ్రీజర్‌లో పెట్టండి. మీరు చెప్పులేసుకునేటప్పుడు అది దాని ముందు పడాలి.

ఇక నేను పాడు చేశానన్న కుక్క సంగతి. రాజా అని జర్మన్ షెపర్డ్. వీధిలో అందరికంటే పెద్ద కుక్క నాదే కావాలని ఆత్రం. మంచి ప్యాకెట్ తిండి పెడుతూనే పొద్దున సాయంత్రం కాల్షియం టానిక్ పోశాను, మధ్యాహ్నం ఎముకల పొడి. నాలుగు నెలలకే బండి పక్కన పరుగెత్తించాను. ఇంట్లో హాలంతా పాలిష్ పట్టిన కడప బండలు, మన జిల్లాలో ఇంకేం వేస్తాం? ఆ నల్లటి నున్నటి బండ మీద వాడు రోజూ నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారుతుంటే మేమంతా కూర్చుని నవ్వేవాళ్లం. ఎనిమిదో నెలలో వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతడం మొదలుపెట్టాడు. ఎక్స్‌రే తీస్తే తుంటి కీలు గిన్నెలోంచి వదులైపోయింది. హిప్ డిస్‌ప్లేసియా అంటారు. తల్లిదండ్రుల నుంచి వచ్చే గుణం అందులో చాలా ఉంటుంది, అంతా నేనే చేశానని అనలేను. కానీ ఉన్నదాన్ని పెంచి పోషించింది మాత్రం నేనే. తొమ్మిదేళ్లు బతికాడు, చివరి మూడేళ్లు గడప దాటడానికి కూడా నడుము కింద తువ్వాలు వేసి లేపాల్సి వచ్చింది.

టానిక్ ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను. ఆరు నెలల లోపు కుక్కపిల్ల పేగులకు ఎక్కువైన కాల్షియాన్ని వద్దని ఆపే శక్తి సరిగా ఉండదు. ఎంత పోస్తే అంత లోపలికి పోతుంది. పెద్ద జాతుల్లో ఎముక చివర ఉండే మెత్తటి భాగం గట్టిపడడానికి ఏడాది పైనే పడుతుంది. అక్కడ ఈ అదనపు కాల్షియం చేరితే మెత్తదనం ఎముకగా మారే క్రమమే చెడి కాళ్లు వంకర పోతాయి, కీళ్లు దెబ్బతింటాయి. చిన్నపిల్లలకు పాలు, టానిక్ అన్నట్టుగా మనం కుక్కకూ ఆలోచిస్తాం, చిక్కు అక్కడే. ప్యాకెట్ తిండి పెట్టేట్టయితే పెద్ద జాతి పిల్లల కోసం అని ప్రత్యేకంగా చేసినదే కొనండి. అమెరికాలో ఈ రకానికి కాల్షియం, తేమ తీసేసిన లెక్కన, 1.8 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. ప్యాకెట్ వెనక అంకె చూసుకోండి.

ఇంటి తిండే పెడతామంటే దీనికి తలకిందుల చిక్కు ఉంది. ఉత్త కోడి మాంసం, అన్నంలో కాల్షియం మరీ తక్కువ. అలా నెలల తరబడి పెట్టినా ఎముకలు వంగిపోతాయి. రాగి సంగటిలో కాల్షియం ఉందిగా అంటారు, ఉంది, కానీ అందులో ఎంత ఒంటబడుతుందో ఎవరూ చెంచా కొలిచి చెప్పలేరు. కాబట్టి పూర్తిగా ఇంటి తిండి అయితే పిల్ల బరువు చూసి పశువైద్యుడు రాసిచ్చిన లెక్కనే వేయాలి. మీలాంటి తీరిక లేనివాళ్లు ఏడాది నిండేదాకా ప్యాకెట్ తిండికే పోవడం మేలని నా అభిప్రాయం. దాని మీద కాస్త పెరుగు, ఉడికిన గుడ్డు, గుమ్మడి ముక్క అంటే తప్పు లేదు. ఇప్పుడు రోజుకు నాలుగు పూటలు, నాలుగు నెలలు దాటాక మూడు, ఆరు దాటాక రెండు. రెండుకు తక్కువ ఎప్పుడూ వద్దు.

ఇంకోటి, బొద్దుగా పెంచకండి. లాబ్రడార్‌కు కడుపు నిండడమంటే తెలియదు, ఇటుక పెట్టినా నాకుతుంది. అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లల్ని ఒకే కాన్పువి జతలు జతలుగా తీసుకుని, జతలో ఒకదానికి రెండోదానికంటే పావు వంతు తక్కువ తిండి పెట్టి జీవితాంతం గమనించారు. ఆ వివరాలు 2002లో అచ్చయ్యాయి. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల జబ్బు కూడా వాటికి ఆలస్యంగా వచ్చింది. చేత్తో నిమిరితే పక్కటెముకలు తగలాలి, కంటికి మాత్రం కనబడకూడదు. చుట్టాలు వచ్చి "ఏం సామీ, కుక్కకు తిండి పెట్టడం లేదా" అంటే సరిగ్గా పెంచుతున్నట్టే లెక్క.

మీ ఇంట్లో నేల ఏదో రాయలేదు. కడప బండలైనా టైల్స్ అయినా ఆవరణలోనూ, పిల్ల తిరిగే దారిలోనూ రబ్బరు మ్యాట్లు గానీ పాత జంపఖానా గానీ పరవండి. గోనె సంచులు వేయకండి, పీచు పీకి మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది. మెట్ల విషయంలో కూడా జాగ్రత్త. నార్వేలో లాబ్రడార్‌తో పాటు మరో మూడు పెద్ద జాతుల పిల్లల్ని పుట్టుక నుంచి గమనించి 2012లో ఒక మాట తేల్చారు: మూడు నెలల లోపు రోజూ మెట్లు ఎక్కి దిగిన పిల్లల్లో తుంటి జబ్బు ఎక్కువ, మెత్తటి నేల మీద గొలుసు లేకుండా తనంతట తాను తిరిగిన వాటిలో తక్కువ. మీది మొదటి అంతస్తు. మూడు నెలలు నిండేదాకా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఎత్తుకోవాల్సిందే. ఆ తరవాత కూడా గొలుసు పట్టుకుని నెమ్మదిగా నడిపించండి. బండి పక్కన పరుగు, గోడల మీంచి దూకించడం ఏడాదిన్నర దాకా వద్దు.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. మన దగ్గర అది పోయిన మర్నాడే ఎండ దిగుతుంది. మేలో కడపలో 42, 43 డిగ్రీలు మామూలు. ఆ రోజుల్లో డాబా మీద రేకుల గదిలోకి మీరు మధ్యాహ్నం పది నిమిషాలు పోయి నిలబడి చూడండి, ఇంక నేను చెప్పక్కర్లేదు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి ఎగరొప్పడమే దాని కూలర్. మన ఎండ పొడి ఎండ కాబట్టి ఇంట్లో నీళ్ల కూలర్ బాగా పని చేస్తుంది, కిటికీ తెరిచి ఉంచితేనే. కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా నీడ పడే గదిలో, తడిపిన గుడ్డ పరిచి, రెండు చోట్ల నీళ్లు పెట్టండి. నడక పొద్దున ఆరున్నర లోపు, రాత్రి ఏడున్నర తరవాత. రోడ్డు మీద మీ అరచేయి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదం కూడా ఆనకూడదు. ఎగరొప్పుతూ తూలినా, చొంగ చిక్కగా కారినా, చిగుళ్లు ఎర్రగా కందినా అది వడదెబ్బ. అక్కడికక్కడే ఒళ్లంతా నీళ్లు పోసి, ఫ్యాను కింద పెట్టి, అప్పుడు ఆస్పత్రికి ఎత్తుకుపోండి. ముందు ఆస్పత్రి, తరవాత నీళ్లు అనుకుంటే దారిలోనే పోతుంది.

టీకాల సంగతి. మీకు అమ్మినవాడు నలభై అయిదో రోజే ఇచ్చేశాడు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదు. సరే, జరిగిపోయింది. మొదటి టీకా వేయించామన్న అతని మాట నమ్మకుండా, డాక్టరు సంతకం, స్టిక్కరు ఉన్న కార్డు అడగండి. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతకమైన అంటుజబ్బుల టీకా పదహారు వారాలు నిండేదాకా మూడు, నాలుగు వారాలకొకసారి వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలకు. నులిపురుగుల మందు మూడు నెలల దాకా పదిహేను రోజులకొకసారి. పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి చావదు, కాబట్టి టీకాలు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే నేల మీద దించకండి.

అలాగని ఇంట్లోనే దాచేయకండి. మూడు నెలల చిల్లర దాకానే కుక్కపిల్ల మనసు లోకాన్ని భయం లేకుండా ఒప్పుకుంటుంది. ఆ తలుపు మూసుకున్నాక కొత్తదేదైనా అనుమానమే. పది గంటలు నాలుగు గోడల మధ్య ఉండే మీ పిల్లకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. సాయంత్రం సంచిలో కూర్చోబెట్టుకుని ఏడు రోడ్ల కూడలి దాకా పోయి ఒక పక్కన నిలబడండి. హారన్లు, ఆటోలు, బురఖా వేసుకున్న ఆడవాళ్లు, గడ్డాల సాధువులు, హెల్మెట్లు, గేదెలు, మైకు సెట్టు, అన్నీ ఒళ్లో కూర్చునే చూస్తుంది. మా రెండో కుక్కను అలా తిప్పాను. దీపావళికి వీధి కుక్కలన్నీ దాక్కుంటే అది వాకిట్లో పడుకుని చూసింది.

తిండిలో కొన్ని ఊరి ప్రమాదాలు. కర్నూలు ఉల్లిగడ్డ మన వంటింటికి ప్రాణం, కుక్కకు విషం. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను విరగ్గొడతాయి, అందుకే మిగిలిన కోడికూర పులుసు అన్నంలో కలిపి పెట్టొద్దు. అనంతపురం నుంచి చుట్టాలు తెచ్చిన వేరుశనగ కాయల్లో బూజు పట్టినవి పారేస్తే, కుక్కకు అందని చోట పారేయండి, ఆ బూజు విషం కాలేయాన్ని తింటుంది. ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ వద్దు. ఉడికిన కోడి ఎముకలు వద్దు. గోమార్లకు, అంటే పిడుదులకు, పొలానికి కొట్టే మందు నీళ్లలో కలిపి పూసేవాళ్లను చూశాను. పిడుదులతో పాటు కుక్క కూడా పోతుంది. రోజూ చెవుల లోపల, వేళ్ల సందుల్లో చేయి పెట్టి చూడండి, మందు డాక్టరు రాసిందే వాడండి.

మీరు ఏడుకు తలుపు తీసే వేళకు మీ ఒంట్లో సత్తువ ఉండదని తెలుసు. రాత్రి షిఫ్టు దిగి వచ్చినప్పుడు నాకూ ఉండేది కాదు. అయినా మొదటి నలభై నిమిషాలు ఫోను పక్కన పడేయాలి. దూరం నడిపించాల్సిన పని లేదు. దాని తిండిలోంచి గుప్పెడు తీసి పాత గుడ్డ మడతల్లో దాచి వెతికించండి. ఈ వయసులో ముక్కు అలిసిపోతే కాళ్లు కూడా అలిసిపోయినట్టే. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పాలపళ్లు రాలి కొత్తవి వస్తాయి, అప్పుడు చెప్పులు, చార్జర్ వైర్లు ఏవీ మిగలవు. తడిపి ఫ్రీజర్‌లో పెట్టిన లావు గుడ్డ ఇవ్వండి, చెప్పులు అటక మీద పెట్టండి. అప్పటికీ చెప్పు పోతే అది మీ పొరపాటే.

పెద్దయ్యాక ఎప్పుడైనా పొట్ట ఉబ్బి, కక్కాలని చూసి ఏమీ రాకుండా అల్లాడిపోతే తెల్లారేదాకా ఆగొద్దు. కడుపు మెలిక పడి ఉండొచ్చు, గంటల్లో ప్రాణం పోతుంది. అందుకే తిన్న గంట దాకా పరుగులు పెట్టించకూడదు. దగ్గరి డాక్టరు నంబరుతో పాటు, రాత్రిళ్లు ఎవరు ఫోను ఎత్తుతారో ఇప్పుడే కనుక్కోండి. తుంటి ఎక్స్‌రే లాంటివాటికి ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉండనే ఉంది.

ఇక మీ మూడో ప్రశ్న. వచ్చే ఆదివారం లోపు ఒంటి గంటకు ఒకరు, నాలుగు గంటలకు ఒకరు తలుపు తీసే ఏర్పాటు అయితే పిల్లను ఉంచుకోండి. ఆరో నెల దాటితే మధ్యాహ్నం ఒక్కసారి చాలు. కాకపోతే అమ్మినవాడికి ఇవ్వకండి, అతను ఇంకొకరికి అమ్ముతాడు, అంతే. మీ అమ్మానాన్నలు పల్లెలో ఉంటే, వాళ్లు ఒప్పుకుంటే అయిదారు నెలలు అక్కడ వదిలి, శనాదివారాలు మీరు పోయి వస్తుండండి. టీకా కార్డు, తిండి ప్యాకెట్, కొలత గ్లాసు కూడా పిల్లతో పాటే పోవాలి. టానిక్ సీసా మాత్రం పంపకండి, వాళ్లు ప్రేమ కొద్దీ పోసేస్తారు.